మూడోవాడికి వినపడని మాట

పెళ్ళికి ముందు మొదలుపెట్టి, మోకాళ్ళు మొరాయించేదాకా ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఆ షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారి అందుకుంటే పక్క సీటు మనిషి కేక పెట్టినా వినపడేది కాదు. అందుకని ఆడవాళ్ళు గొంతు వాడటం మానేసి పెదవులు కదిపేవాళ్ళు. సూపర్‌వైజరు మీద జోకులు, పెళ్ళి సంబంధాలు, అత్తల ఆగడాలు, అన్నీ పెదవుల మీదే నడిచేవి. ఆవిడ చెవులు అక్కడే దెబ్బతిన్నాయి. పెదవులు చదవడం మాత్రం అబ్బింది. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

ఇప్పుడు ముందుగదిలో కిటికీ పక్కన, సొంత మిషను మీద వీధివాళ్ళకు చొక్కాలు, గౌన్లు కుడుతోంది. దగ్గరచూపు తగ్గింది. ఆ కిటికీ వెలుతురు లేకపోతే ఆవిడకు పని లేనట్టే.

కోడలు మందుల షాపులో పనిచేస్తూ ప్రైవేటుగా డిగ్రీ చదువుతోంది. సాహిత్యంలో ఒక్క పేపరు మిగిలిపోయింది. పైకి చదివితేగానీ ఆమె బుర్రకెక్కదు. అత్తగారికి ఎలాగూ వినపడదన్న ధైర్యంతో ఆవిడ ఎదురుగానే స్టూలు వేసుకుని చదివేది.

"ఇతివృత్తం అంటే ఏమిటే?" అని ఒకరోజు అత్తగారు అడిగింది.

పేజీలోకి తొంగిచూసి అడుగుతోందనుకుంది కోడలు. ముందుకు ఒంగి గొంతు పెంచింది. "కథంటే ఒకదాని తర్వాత ఒకటి ఏం జరిగిందో చెప్పడం అత్తయ్యా. ఇతివృత్తమంటే ఏది ఎందుకు జరిగిందో తెలిసేట్టు అమర్చడం."

"గుడ్డ వేరు, కత్తిరింపు వేరు. సరే, తర్వాత?"

"స్వగతం. నాటకంలో మనిషి తనలో తాను అనుకునేది పైకి చెప్పడం."

"మీ మామయ్యతో నా కాపురమంతా అదేగా."

జనాంతికం దగ్గర మాత్రం ఆవిడ మిషను ఆపేసింది. స్టేజీ మీద ముగ్గురుంటే, ఇద్దరు మాట్లాడుకునేది మూడోవాడికి వినపడదని కోడలు చెప్పింది.

"ఎందుకు వినపడదు? పక్కనేగా ఉన్నాడు?"

"వినపడదని అనుకోవాలి. కింద కూర్చుని చూసేవాళ్ళకు మాత్రం వినపడుతుంది."

"మరి ఆ మూడోవాడు అంతసేపూ మొహం ఎలా పెట్టుకుని నిలబడతాడే?"

కోడలు పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేసింది. అందులో లేదు. "పరీక్షలో అది అడగరు అత్తయ్యా."

"అడక్కపోతే ఎలా?" అంటూ ఆవిడ మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున కొడుకు స్టీలు టేపు తెచ్చి కిటికీ మూల కొలిచాడు. ఎండలో దాని మెరుపుకు ఆవిడ తలెత్తి చూసింది. అతను పట్టించుకోలేదు. గొంతు తగ్గించి పెళ్ళాంతో అన్నాడు. "మిషను తీసేస్తే నీ చదువు బల్ల సరిగ్గా పడుతుంది. మా ఫ్రెండు వాళ్ళక్క తీసుకెళ్తానంది."

"అత్తయ్యకు చెప్పకుండానా?"

"వెళ్ళిపోయాక చెబుదాంలే. ఇప్పుడు మొదలుపెడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా ఇంకెన్నాళ్ళు కుడుతుంది?"

కోడలు కిటికీ వంక చూసింది. వద్దనలేదు. ఆ వెలుతురు ఆమెకూ కావాలి.

అత్తగారి చెయ్యి మిషను చక్రం మీద అలాగే ఉండిపోయింది. "ఎవర్రా ఆ అక్క?" అంది. "సన్నసూది ఎప్పుడు వెయ్యాలో, లావుసూది ఎప్పుడు వెయ్యాలో తెలుసా ఆవిడకి?"

టేపు సర్రున లోపలికి పోయింది.

"అమ్మా! నీకు వినపడిందా?"

"వినపడలేదు. కనపడింది. షెడ్డులో మేమంతా పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళం." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నన్ను మీరు మూడోవాణ్ణి అనుకున్నారే. నేను కింద కూర్చున్నాను."

కొడుక్కి అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది. తల దించుకుంది.

"అది కాదమ్మా, దానికి చదువుకోవడానికి చోటు..."

"కావాలి. కాదన్నానా? అడిగితే నేనే చూపించేదాన్ని. ఆ రెండో కిటికీ దగ్గర నీ ఎక్సర్‌సైజు సైకిలుంది. ఒళ్ళు తగ్గాలని కొన్నావు. తగ్గిందా? నా మిషను మీద బట్టలు కుడుతున్నాను. నీ మిషను మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. ఏది తియ్యాలో నువ్వే చెప్పు."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. సోమవారం నుంచి తొక్కుదామనే అనుకుంటున్నానని కొడుకు గొణిగాడు.

"గొణిగినా తెలుస్తుందిరా."

మధ్యాహ్నానికి సైకిలు మెట్ల కింద చేరింది. బల్ల కాస్త దారికి అడ్డమొచ్చినా రెండో కిటికీ కింద కుదిరింది. కోడలు పుస్తకాలు సర్దుకుంది గానీ పేజీ తిప్పలేదు. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆవిడ ఎదుట మెల్లగా అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి. కూరలో ఉప్పు గురించి, ఆడబిడ్డ గురించి, ఒకసారి ఫోనులో అమ్మతో వేరుకాపురం గురించి.

స్టూలు లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. కేక పెట్టకుండా మామూలు గొంతుతో అడిగింది.

"అత్తయ్యా, ఇన్నేళ్ళూ ఏమేం విన్నారు?"

ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "ముందు ఈ సూదిలో దారం ఎక్కించు. చాలా ఉంది, తీరిగ్గా చెబుతాను."