కొల్లేటి దారిలో కట్టిన తాడు

బెజవాడలో బందరు రోడ్డు మీద, ఊరి చివర, రత్తయ్య షెడ్డు ఉండేది. నాలుగు తాటి దూలాలు, పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల. బండి బరువు మోసే కమాను కట్టలు, స్టీరింగు, ఈ రెండు పనులే చేసేవాడు. ఇంజను జోలికి పోయేవాడు కాదు. "ఇంజను ఆగిపోతే మనిషి దార్లో నిలబడిపోతాడు, అంతేగా! స్టీరింగు పోతే ఏం కావాలి?" అనేవాడు.

అతను పుట్టింది బందరుకు దిగువన, సముద్రపొడ్డు పల్లెలో. తాత, తండ్రి, అన్న అందరూ చేపల వేటకు పోయినవాళ్ళే. రత్తయ్యకి మీసం వచ్చీరాని రోజుల్లో అన్న సూరయ్య తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదు. పక్కింటి సన్యాసమ్మ కొడుకులిద్దరూ అదే పడవలో ఉన్నారు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ మనుషుల జాడ లేదు. శవం దొరకలేదు గనక దర్భలతో బొమ్మ చేశారు. దానికి నిప్పు పెట్టింది రత్తయ్యే.

ఆ కర్మలు ముగిశాయో లేదో, వదిన గంగారత్నం అతని చేతిలోంచి వల లాక్కుని, "ఇక ఈ ఇంట్లోంచి ఎవరూ నీళ్ళ మీదికి పోరు" అంది. ఎవరెవర్నో బతిమాలి అతన్ని బెజవాడలో ఒక లారీ షెడ్డులో పనికి పెట్టించింది. తర్వాత తానూ వచ్చేసింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని గవర్నర్‌పేట సందులన్నీ తిరిగింది. మరిదికి పెళ్ళి చేసింది, అతని పిల్లల్ని తన చంకనేసుకుని పెంచింది. అన్న పోయాడు కాబట్టే తాను సముద్రం వదిలాడని, వదిన బోడి నుదురుతో తన కోసం తిరిగింది కాబట్టే మనిషయ్యాడని రత్తయ్యకి తెలుసు. అతని బతుకంతా ఆ ఒక్క చావు మీద నిలబడి ఉంది.

డెబ్బై అయిదులో, వానలు మొదలైన కొత్తలో, అమలమ్మ బండి షెడ్డు ముందు ఆగింది.

అమలమ్మ నర్సు. యాభై దాటిన మనిషి. డెల్టా పల్లెలు తిరుగుతూ రోగులకి మందులిచ్చేది. దొరలెవరో వెళ్ళిపోతూ వదిలేసిన పాత బండి ఒకటి ఆమె చేతికొచ్చింది. బయటికి వ్యానే గానీ లోపలికెక్కితే ఇల్లు. పడక బల్లలు రెండు, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, మందుల బీరువా, కిటికీలకి పూల పరదాలు. ఏ ఊళ్ళో పొద్దుగుంకితే ఆ ఊళ్ళోనే ఆమె కాపురం. బండి తనే నడుపుకునేది.

"ఏమైందమ్మగారూ?" అన్నాడు రత్తయ్య.

"ఎడమకి లాగుతోంది రత్తయ్యా. మామూలుగా లాగడం కాదు, మెడ పట్టుకుని గుంజినట్టు గుంజుతోంది. కొంచెం వేగం పెంచానా, స్టీరింగు గజగజా వణుకుతోంది. కైకలూరు నుంచి ఇక్కడికొచ్చేసరికి నా భుజాలు పడిపోయాయి."

ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. చక్రం పక్కలకి తిరిగే కింగ్ పిన్ను అరిగిపోయి టకటకలాడింది. జాకీ ఎత్తి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. దూరిన మనిషి అక్కడే బిగుసుకుపోయాడు.

ఎడమ వైపు కమాను కట్టలో పెద్ద పట్టీ, కొస చుట్టిన చెవి దగ్గర తెగిపోయి ఉంది. ఇరుసు వెనక్కి జరిగిపోయింది. బండి లాగదా మరి! తెగిన చోట సరుగుడు చెక్క అడ్డం పెట్టి, పట్టీలన్నీ కలిపి తాడుతో చుట్టి కట్టారెవరో. ఆ తాడు తప్ప చక్రాన్ని బండితో పట్టి ఉంచింది ఏమీ లేదు.

"తల్లీ! దీని మీదా మీరు ఇంత దూరం వచ్చింది? ఆ కాలవగట్ల మీద ఈ తాడు జారి ఉంటే?" అన్నాడు కింది నుంచే.

"మరేం చెయ్యను? కొల్లేటి గట్టు మీద పటేలుమని తెగింది. అక్కడ తాళ్ళాయన అని ఒకాయనున్నాడు, దోనెలకి తాళ్ళు పేని ఇస్తుంటాడు. ఆయనే కట్టాడు. బెజవాడ దాకా ఊడదమ్మా, నిదానంగా వెళ్ళమన్నాడు."

రత్తయ్య తాడు కోయడానికి కత్తి అందుకోబోయి ఆగాడు.

చుట్లు ఎడమ వైపుకి తిరిగి ఉన్నాయి. చివర రెండు మెలికలు, కొస మడిచి లోపలికి దోపి ఉంది.

సూరయ్యది ఎడమచేతి వాటం. ఎంత బరువు లాగినా ఊడని ముడి ఒకటి వేసేవాడు. అవసరమొస్తే కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మొత్తం విడిపోయేది. ఎంత నేర్పినా కుడిచేతి వాళ్ళెవరికీ అది పట్టుబడలేదు. తమ్ముడికీ పట్టుబడలేదు.

రత్తయ్య రెండు వేళ్ళతో ఆ కొసని బయటికి లాగాడు. గుంజాడు. తాడు చుట్లు చుట్లుగా వదులై అతని ఛాతీ మీద పడింది.

ఎంతసేపు అలా పడుకున్నాడో. అమలమ్మ వంగి చూసి కంగారుపడింది. "రత్తయ్యా! ఏమైనా మీద పడిందా? పలకవేం?"

బయటికి వచ్చాడు. "ఆ తాళ్ళాయన ఎట్లా ఉంటాడమ్మగారూ?" అని మాత్రం అడగగలిగాడు.

"నీ అంత పొడుగు. గడ్డం నెరిసింది. ఎవరితోనూ మాట్లాడడు. ఏం, తెలుసా నీకు?"

రత్తయ్య ఆ తాడుని చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

ఆ రాత్రి ఇంట్లో గంగారత్నం వడ్డిస్తుంటే కలిపిన ముద్దే మళ్ళీ కలిపాడు. ఆమె నుదుటి వైపు చూడ్డం, చటుక్కున తల దించుకోవడం. "ఒంట్లో బాగోలేదా అబ్బాయ్?" అంది. బాగానే ఉంది వదినా అన్నాడు. ఇన్నేళ్ళలో ఆమె దగ్గర అతను దాచిన మాట అదొక్కటే.

పనిలో మాత్రం చెయ్యి పెట్టాడు. ఆ బండికి సామాను ఇండియాలో ఎక్కడా దొరకదు. లారీ పట్టీ ఒకటి తెచ్చి, కొలిమిలో కాల్పించి, వంపు తీయించి, చెవి చుట్టించాడు. కొత్త బుష్షులు వేశాడు. కింగ్ పిన్నులు లేతు మీద తిప్పించాడు. ఇరుసుని దాని చోటికి జరిపి యూ బోల్టులు బిగించాడు. స్టీరింగు బాక్సులో లూజు తగ్గించాడు. పని జరుగుతున్నంతసేపూ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తలకాయ ఎక్కడో ఉంది.

అంతా అయ్యాక, "అమ్మగారూ, ఈ బండి మంచి రోడ్డు మీద తిప్పి చూస్తే లాభం లేదు. ఆ కొల్లేటి గతుకుల్లోనే చూడాలి. నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి" అన్నాడు.

కంకిపాడు దాటి గుడివాడ మీదుగా కైకలూరు వైపు వెళ్ళారు. ఇరుపక్కలా నాట్లు పడుతున్నాయి. బండి గీత గీసినట్టు పోతోంది. అయినా స్టీరింగు వణుకుతున్నట్టే ఉంది రత్తయ్యకి. బండి ఆపి, దిగి, చక్రం ఊపి చూశాడు. గట్టిగా ఉంది. మళ్ళీ ఎక్కి పట్టుకున్నాడు. వణుకుతున్నవి తన చేతులు.

కొల్లేటి గట్టు దిగువన, తారు పూసిన దోనె పక్కన ఒకాయన కూర్చుని కొబ్బరి పీచు పేనుతున్నాడు. బండి చప్పుడుకి తలెత్తాడు. అమలమ్మని చూసి నవ్వబోయాడు. ఆమె వెనక దిగిన మనిషిని చూశాడు. చేతిలో పీచు జారిపోయింది.

రత్తయ్య దగ్గరికి వెళ్ళాడు. దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో, నోటికి ఒకటే వచ్చింది.

"అన్నా, నీకు నేను కొరివి పెట్టాను."

"చూశాను" అన్నాడు సూరయ్య.

రత్తయ్య గట్టు మీద కూలబడ్డాడు. తాడు విడిపోయినప్పుడు కూడా అంత దెబ్బ తగల్లేదు. చూశాడట! బతికి ఉండి, తన చితి తాను చూశాడట!

"ఎక్కడున్నావు?"

"సరుగుడు తోటలో. అలలు నన్ను చాలా దూరంలో పడేశాయి. కొన్నాళ్ళు లేవలేక అక్కడే పడి ఉండి, నడుచుకుంటూ వచ్చాను. మీరందరూ ఒడ్డున ఉన్నారు. సన్యాసమ్మ ఇసకలో పడి పిల్లల్ని పిలుస్తోంది. మబ్బు పట్టింది, మావాళ్ళని తీసుకుపోవద్దు సూరీ అని ఆవిడ చెప్పింది. నేనే వినలేదు. నేనొక్కణ్ణే లేచి ఆవిడ ముందుకెట్లా పోను? ఒక్క అడుగు వేద్దామనుకున్నా. పడలేదు. ఈ పూట కాదు, రేపు పోదామనుకున్నా. రేపూ పోలేదు. తర్వాత ఇక పోవడం కుదరలేదురా."

"వదిన ఎండుచేపలు అమ్ముతోంది, తెలుసా నీకు? మా కోసం ఎండలో తిరిగి తిరిగి ఆవిడ కాళ్ళు చూడు ఎట్లా అయ్యాయో!" రత్తయ్య అరిచాడు. నీళ్ళలో కొంగలు లేచిపోయాయి. అమలమ్మ మెల్లగా బండిలోకెక్కి పరదా వేసుకుంది.

రత్తయ్య బెజవాడ వచ్చి వదినకి చెప్పాడు. ఎలా చెప్పాలో తెలియక, "అన్న కొల్లేట్లో ఉన్నాడు" అని చెప్పేశాడు. గంగారత్నం చేప ముక్కలు గంపలో సర్దుతోంది. సర్దుతూనే ఉంది. గంప నిండిపోయాక కూడా ముక్కల్ని ఒక దాని మీద ఒకటి పెడుతూనే ఉంది, అవి కింద పడుతూనే ఉన్నాయి. అతను చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"ఆ నర్సమ్మ బండి మళ్ళీ ఎప్పుడు పోతుంది?" అంది చివరికి.

కొల్లేటి గట్టు మీద మొగుడికి ఎదురుగా నిలబడి ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇక్కడ నీకెవరైనా ఉన్నారా? ఆడమనిషి?" అని అడిగింది.

"లేరు."

"ఉన్నా బాగుండేది. నాకు అర్థమయ్యేది."

సూరయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె, "నువ్వు నాకు చెప్పుకునేదేం లేదు. నీకోసం ఏడవాల్సిందంతా అప్పుడే ఏడ్చేశాను. చెప్పాల్సింది సన్యాసమ్మకి. ఎక్కు బండి" అంది.

అదే బండిలో పల్లెకి పోయారు. సూరయ్య పడక బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. అమలమ్మ అతనికి నీళ్ళిస్తే గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది. పల్లెలో బండి ఆగేసరికి పిల్లలు మూగారు. సూరయ్యని గుర్తుపట్టిన ఒక ముసలాయన కేక పెట్టి వెనక్కి పరిగెత్తాడు. గుడిసెల్లోంచి మనుషులు ఊడిపడ్డారు. ఎవరో చెయ్యెత్తారు కూడా. గంగారత్నం అడ్డంగా నిలబడి, "ముందు ఆవిడ మాట్లాడాలి" అంది.

సన్యాసమ్మకి చూపు మందగించింది. చేతుల్తో తడిమి అతని మొహం పట్టుకుంది. పీక పిసుకుతుందేమోనని రత్తయ్య ముందుకు జరిగాడు.

"సూరీ, చిన్నోడు భయపడ్డాడా?" అంది.



"భయపడ్డాడమ్మా" అన్నాడు సూరయ్య. "పెద్దోడు వాణ్ణి వదల్లేదు. నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకున్నాడు. పడవ తిరగబడ్డాకా అట్లాగే పట్టుకున్నాడు. నేను చెయ్యి చాచాను. చిన్నోణ్ణి వదిలితే పెద్దోడు అందుకునేవాడే. వదల్లేదు."

"వదలడు. నాకు తెలుసు, వదలడు" అంది ముసలమ్మ. ఆ మాటే చాలాసార్లు అనుకుంది. ఆ తర్వాత ఫెడీమని అతని చెంప మీద కొట్టింది. "ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళా! వాళ్ళు ఒకరికొకరు దొరక్కుండా పోయారేమోనని నేను నిద్రపోలేదురా ఇన్నేళ్ళు!"

తర్వాత ఆవిడే కుండలోంచి చల్దన్నం తీసి అతని ముందు పెట్టింది. తినమంది. ఎత్తిన చెయ్యి ఇంకా దించని మనుషులు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు.

సూరయ్య ఇక పల్లెలోనే ఉండిపోయాడు. సన్యాసమ్మ గుడిసె కప్పు కుట్టాడు, ఆవిడకి నీళ్ళు మోశాడు, వలలు బాగుచేసి ఇచ్చేవాడు. వేటకి మాత్రం పోలేదు. గంగారత్నం బెజవాడ తిరిగొచ్చింది. మర్నాడు బొట్టు పెట్టుకుని గంప ఎత్తుకుంది. వీధిలో వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. "బతికున్నాడంట, పెట్టుకున్నాను" అని ముందుకు సాగిపోయింది. కాపురానికి వెళ్తావా వదినా అని రత్తయ్య అడిగితే, "నన్ను తొందరపెట్టకు" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

రత్తయ్య మాత్రం చాలా రోజులు మామూలు మనిషి కాలేకపోయాడు. బోల్టు బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయేవాడు. తాను కాల్చిన బొమ్మ గుర్తొచ్చేది. కోపమో, సంతోషమో, ఏదో తేల్చుకోలేకపోయేవాడు. పల్లె నుంచి కబురొస్తే వినేవాడు గానీ తిరిగి కబురు పంపేవాడు కాదు.

మరుసటేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం లారీ కింద పడుకుని పని చేస్తుంటే, చక్రం పక్కన రెండు కాళ్ళు వచ్చి ఆగాయి. ఉప్పునీళ్ళకి పగిలిన మడమలు. చెప్పుల్లేవు. ఆ మనిషి పిలవలేదు, కదల్లేదు. పైన రేకుల మీద వాన మొదలైంది.

రత్తయ్య చాలాసేపు ఆ కాళ్ళకేసి చూశాడు. తర్వాత చెయ్యి బయటికి చాపాడు.

"ఆ పెద్ద పానా ఇటందుకో అన్నా" అన్నాడు.