ఓటి బకెట్‌లో మరువం

మా అంగడికి పాత్ర కొనడానికి వచ్చినవాళ్లకు ముందు నీళ్లు చూపించేవాళ్లం. డబరా కానీ, బిందె కానీ, అంచుదాకా నీళ్లు నింపి పాత పేపరు మీద పెట్టేవాడు నాయన. తర్వాత వాన సంగతీ, పెండ్లి సంగతీ తీరిగ్గా మాట్లాడేవాడు. మాటలు అయ్యాక పాత్ర ఎత్తి పేపరు చూపించేవాడు. పొడిగా ఉంటే బేరం మొదలు. తడిసిందంటే ఆ పాత్ర మళ్లీ ముందు గదిలోకి వచ్చేది కాదు. బళ్లారి బజారులో, అంగడి వెనకే ఇల్లున్న సంసారంలో పెరిగినదాన్ని. అక్షరాలకన్నా ముందు నాకు ఒంటబట్టిన చదువు అదే: కారేది కొనకూడదు.

అలా పక్కన పడ్డవన్నీ మా అక్క పెరట్లోకి చేరేవి. అతుకు విడిన రేకు బకెట్‌లో మరువం, అడుగు చిల్లుపడిన డబరాలో కనకాంబరాలు.

"అమ్ముడుపోనివన్నీ నాకేలే" అనేది అక్క. తనకు పెండ్లి కాలేదు. ఆ మాట తన గురించి కూడా అంటోందని అప్పట్లో నాకు తట్టలేదు. నాకు లాభం లేని విషయాలు ఆలస్యంగా తడతాయి.

నాయన తర్వాత అంగడి అక్కే నడిపింది. పొద్దున్నే కనకాంబరాల మధ్య మరువం పెట్టి దండ కట్టేది. ఆ వేళ్లతోనే గిన్నెలు తుడిచి పేపర్లో చుట్టి ఇచ్చేది. మా అంగడి పాత్రలకు ఇంటికి పోయాక కూడా వాసన ఉంటుందని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఖనిజం లారీలతో ఊరు ఊగిపోతున్న రోజుల్లో అక్క పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. ఆ వెనకే అంగడి అద్దెకిచ్చిన యజమాని వచ్చి, లారీ టైర్లవాళ్లు అడుగుతున్నారని చెవిలో వేసి పోయాడు. మా ఆయన కూడా అప్పటికి లారీలు కొని, కంటోన్మెంట్‌లో కొత్త ఇల్లు కట్టించాడు. అంగడి ఖాళీ చేసిన రోజు పాత్రలన్నీ టోకున పోయాయి. నేను తెచ్చుకున్నది మరువం బకెట్ ఒక్కటే.

"కొత్త ఇంటి ముందర ఈ తుప్పు బకెట్ ఏంది? వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన.

అక్క చెట్టుకు మంచి ఇల్లు చూడాలని నాకూ అనిపించింది. రోడ్డు పక్కన కుండీలు అమ్మే అతని దగ్గరికి వెళ్లాను. నీలం పింగాణీ తొట్టి మీద కన్ను పడింది. వేలితో కొట్టి చూశాను, గంటలా మోగింది. తిరగేసి చూస్తే అడుగున బొక్క.

"ఏమప్పా, ఓటిది అంటగడ్తాండావా?"

"చెట్లకు అట్లనే ఉంటాదమ్మా. నీళ్లు పోవల్ల కదా."

"నేను పాత్రల అంగట్లో పుట్టినాను. ఎవురికి చెప్తాండావ్ కథలు? బొక్క లేనిది తీయి."

"ఉండాది. అది తామర పూలకు."

"దేనికైతే నీకేంది? నీళ్లు పోసి చూపియ్యి."

పోశాడు. పేపరు పరిపించి, దాని మీద పెట్టించి, ఎండలో నిలబడి అతనితో వాన సంగతి కూడా మాట్లాడాను. పేపరు పొడిగానే ఉంది. బొక్క ఉన్నదాని ధరకే బొక్క లేనిది లాగి, గెలిచిన మొహంతో ఆటో ఎక్కాను.

మట్టి విషయంలోనూ నా తెలివి ఊరుకోలేదు. మా లారీ డ్రైవరు కంప్లి నుంచి వస్తుంటే, కాలువ కింది వరి మడి మట్టి బస్తాడు తెప్పించాను. ఇంత వరి పండించే నల్లమట్టికి పిడికెడు మరువం ఒక లెక్కా అనుకున్నాను. చెట్టు అందులోకి మారింది. బకెట్‌ను పాత సామాన్లవాడికి వేశాను. ఓటిదైనా బరువు బరువేనని వాదించి మరీ వేశాను.

కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కాయి. ఊరంతా ఖనిజం లారీల ఎర్ర దుమ్ము కదా, దాని పనే అనుకున్నాను. రోజూ ఆకులు కడిగాను, ఇంకో చెంబు మొదట్లోనూ పోశాను. ఆకు నలిపి చూస్తే వాసన లేదు. మట్టికి మాత్రం మురుగు మోరీ వాసన వచ్చింది.

కూర్చుని చెట్టును పెకలించాను. వేర్లు నల్లగా, చేతికి జారిపోతూ వచ్చాయి. అడుగున నీళ్లు చెరువులా నిలిచి ఉన్నాయి. చుక్క కూడా కారలేదు. నాయన మెచ్చుకునే తొట్టి.

అప్పుడు అక్క గుర్తొచ్చింది. వానలు వెనకబట్టాక బకెట్ బోర్లించి, మరువాన్ని బయటికి తీసి మట్టి మార్చేది. నేను గట్టు మీద కూర్చుని బఠానీలు నములుతూ ఉండేదాన్ని.

"ఏమే, ఆ పెంకు ముక్కలు ఇట్ల ఇయ్యి."

"పెంకులేస్తే మట్టికి జాగా తగ్గుతాది కదక్కా. నష్టం."

"నీళ్లు పోయేదానికి దోవ కావల్ల. నీ మాదిరి వచ్చిందంతా లోపలే పెట్టుకుంటే కుళ్లిపోతాది."

ఎర్రమట్టిలో ఏటి ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపి, తడిపి పిడికిట్లో పిసికేది. ముద్ద కట్టాలి, వేలితో తడితే రాలిపోవాలి. రాలకపోతే ఇంకాస్త ఇసుక. నా చేతిలో కూడా ఒక ముద్ద పెట్టి "తట్టి చూడు" అనేది. ఆ ముద్ద తడి ఇప్పటికీ అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది. పక్కన అక్క లేదు.

కొనల్లో పచ్చగా మిగిలిన రెమ్మలు కొన్ని తుంచి తడిగుడ్డలో చుట్టి, మళ్లీ కుండీల అతని దగ్గరికే వెళ్లాను.

"ఏమమ్మా, తామర పూసిందా?"

"నగు నగు. మట్టి కుండీ ఒకటి ఇయ్యి. బొక్క పెద్దగా ఉండల్ల."

"ఓటిది కదమ్మా అది."

"అందుకే తగ్గించి ఇయ్యి."

పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? తగ్గించాడు కూడా.

ఇంటికొచ్చి అడుగున పెంకులు పరిచాను. ఎర్రమట్టి, ఎరువు కలిపి పిసికి తట్టాను. రాలలేదు. ఇసుక కలిపాను. రాలింది. రెమ్మలు గుచ్చి, కుండీని పేపరు మీద పెట్టి నీళ్లు పోసి పక్కనే కూర్చున్నాను.

"ఏందిది, బండలన్నీ గలీజు చేస్తాండావ్?" అంటూ మా ఆయన వచ్చాడు.

"పేపరు తడుస్తాదా లేదా చూస్తాండా."

"మీ ఇంట్లో తడవకూడదు కదా?"

"ఇది అమ్మేదానికి కాదు."

పేపరు మధ్యలో ఎర్రటి మచ్చ లేచి మెల్లగా అంచులకు పాకింది. నాయన అంగట్లో ఇలాంటి మచ్చ కనబడితే బేరం పోయినట్టే.

ఆ రెమ్మల్లో ఒక్కటే నాటుకుంది. మిగతావి ఎండి రాలిపోయాయి. నాటుకున్నది కొత్త చిగురు వేసిన రోజు తుంచడానికి చెయ్యి రాలేదు. వంగి వాసన చూశాను. ముక్కుకు ఎర్ర దుమ్ము అంటింది, దాని వెనకే మరువం వచ్చింది, అక్క పేపర్లో చుట్టి ఇచ్చిన గిన్నె వాసన.

కింద పేపరు తడిగానే ఉంది. నాయన అయితే ఆ కుండీని ముందు గదిలోకి రానిచ్చేవాడు కాదు. కిటికీ పక్కన, వీధి తలుపు తీయగానే కనపడే చోట పెట్టాను.