స్పీకర్‌లో పెట్టిన ఫోను

2022లో నేను గల్ఫ్‌లోని అల్ కుసైస్‌లో, ఇంటి పనికి ఆడవాళ్లను కుదిర్చే ఒక ఏజెన్సీలో తెలుగు కోఆర్డినేటర్‌ని. కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు మార్చమంటే కారణం కనుక్కుని, కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట్లాడడం నా పని. ఊళ్లో ఉన్న భర్తకు ఫోను కలిపి ఆయన మాట కూడా తీసుకునేవాణ్ణి. అది నిబంధన కాదు. తరువాత గొడవ రాకూడదని నేనే పెట్టిన అలవాటు.

సువార్తది రాజోలు దగ్గర పల్లె. వచ్చిన రోజే, కిర్రుమంటున్న నా పాత కుర్చీని చూసి, "బాబాయ్, మీకంటే ముందు మీ కుర్చీ రిటైరవుద్దండి" అంది. ఆఫీసంతా నవ్వింది. ఆ తరువాత ప్రతి శుక్రవారం ఫోను చేసి ముందు కుర్చీ క్షేమం అడిగేది.

కొన్నాళ్లకు ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం, పని సరిగా చేయడం లేదంటూ యజమానురాలు ఆమెను మా ఆఫీసు దగ్గర దింపి కారులోనే కూర్చుంది. సువార్త కుర్చీ వైపు చూడలేదు.

"ఇల్లు మార్పించండి బాబాయ్."

కారణం అడిగాను. తలుపు వైపు చూసింది. "మీ ఆఫీసులో ఆడోళ్లెవరూ లేరేటండి?"

వీసా పనులు చూసే అమ్మాయి పక్క గదిలోనే ఉంది. అయినా, "నేనున్నాగా, బాబాయిని. నాతో చెప్పమ్మా" అన్నాను. ఆమె భర్తకు ఫోను కలిపి స్పీకర్‌లో పెట్టాను.

"ఏం చేసేవే అక్కడ?" అన్నాడతను.

"ఏం లేదండి. పనెక్కువ, అంతే."

సర్దుకోమని చెప్పి అదే కారులో పంపించాను.

తరువాత ఆమె చెయ్యి విరిగి ఆసుపత్రిలో చేరింది. యజమానురాలి తమ్ముడు రాత్రుళ్లు తన గదిలోకి వస్తున్నాడని, ఆ పెనుగులాటలోనే చెయ్యి విరిగిందని అక్కడి నర్సుకు చెప్పింది. నర్సు ఫోను చేస్తేనే నాకు తెలిసింది. ఫిర్యాదు ఇస్తే తోడుంటానని ఆ నర్సు అన్నా సువార్త ఒప్పుకోలేదు. ఊరికి పంపేయమంది.

విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. ఫిర్యాదు ఎందుకివ్వలేదని దారిలో అడిగాను.

"మీ ముందే నోరు రాలేదు బాబాయ్. అవతల మా ఆయన్ని కూడా కూర్చోబెట్టేరు. ఇంక పోలీసోళ్లకేం చెప్తానండి?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

పదవీ విరమణ వరకూ మళ్లీ ఎవరి భర్తకూ ఫోను కలపలేదు. ఇల్లు మార్చమని ఎవరొచ్చినా వీసా అమ్మాయిని నా కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు వేసి, బయట ఉండేవాణ్ణి. పనెక్కువని చెప్పడానికి వచ్చినవాళ్లు లోపల చాలాసేపు మాట్లాడేవారు.

శుక్రవారాలు ఇప్పటికీ ఫోను దగ్గర పెట్టుకుంటాను. సువార్త చేయలేదు. ఆడవాళ్లు చెప్పరని మా వృత్తిలో అంటుంటారు. ఆమె చెప్పడానికే వచ్చింది. వినగలిగే మనిషి కావాలని అడిగింది కూడా. ఆ మనిషిని పిలవకుండా నేను అడ్డంగా కూర్చున్నాను.