పెరిగి రాండ్రి

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే మా బాపు గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. ఆకేరు వాగులో వల వేసినప్పుడల్లా ఆయన పిల్లచేపలను దోసిట్లో పట్టి, "పోండి బిడ్డా, పెరిగి రాండ్రి" అంటూ నీళ్లలోకి వదిలేవాడు.

సాయుధ పోరాటం రోజుల్లో ఒక సాయంత్రం పోలీసు జమేదారు వాగులో మేం వల వేసే మడుగు దగ్గరికి వచ్చాడు.

"అడవిల ఉన్న సంఘపోళ్లకు చాపలిస్తున్నవట. ఇగ ఎట్లిస్తవో చూస్త" అని నీళ్లలోకి బాంబు విసిరాడు.

మడుగంతా చచ్చిన చేపలతో తెల్లబడింది. బాపు నీళ్లలోకి దిగి, పిల్లచేపలను ఏరి, అదే మాట చెబుతూ వదిలాడు. అవి వెల్లకిలా తేలాయి.

"గట్టిగ చెప్పురా, వాటికి చెవులు పోయినయ్" అని జమేదారు నవ్వాడు.

ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా అక్కడ వల నిండలేదు.

బాంబు పడిన మర్నాడు పొద్దున్నే నేను ఆ పిల్లచేపలను గంపలోకి ఎత్తుకొచ్చి పులుసు పెట్టాను. బాపు ముట్టలేదు. ఆయన వంతు కూడా నేనే తిన్నాను.