ఎవెలియో కంటపడ్డ ఇనుము

మెరవని ఇనుము కంటపడితే మా ఎవెలియోకి కాలు ఒకచోట నిలవదు. దాన్ని ఊడబీకి, మేడ మీదికి పట్టుకుపోయి, క్రోమ్ పూత పూసేదాకా వాడికి తిండి సయించదు. ఆ వస్తువు ఎవరిదన్నది వాడి దృష్టిలో చాలా చిన్న విషయం.

రేగ్లా అనే మా రేవుపేటలో, మేముండే మేడలో పొద్దున లేవగానే జనం ముందు తలుపు గడియ ఉందా, పంపు పిడి ఉందా అని తడిమి చూసుకుంటారు. లేకపోతే మెట్ల దగ్గర నిలబడి "ఎవెలియో!" అని ఒక్క కేక. పైనుంచి ఎప్పుడూ ఒకటే జవాబు.

"ఇదిగో, ఆరుతోంది!"

ఈ పిచ్చి ఒక చెంచాతో మొదలైంది. వాడు పనిచేసే కార్ఖానా మూతపడ్డప్పుడు పాత మేస్త్రీ ఎవరో వాడికి నాలుగు డబ్బాల రసాయనం ఇచ్చిపోయాడు. పాడైపోయిన రష్యా వాషింగ్ మిషన్ తొట్టిలో దాన్ని కలిపి, కారు బ్యాటరీ తగిలించి, పెళ్లాం నెరెయిదా చెంచాను వేలాడదీశాడు. వైర్లు తిరగేసి పెట్టాడు మహానుభావుడు. పూత ఎక్కడం మాట అటుంచి, చెంచాయే కరగడం మొదలెట్టింది.

"ఇదేమిటయ్యా! మా అమ్మ ఇచ్చిన చెంచా!" అని నెరెయిదా నెత్తి బాదుకుంది.

"అదేనే. కాస్త చిక్కిందంతే."

"ఇక నోట్లో పెట్టుకునేది ఏదైనా ముట్టుకున్నావో, నిన్నే ఆ తొట్టిలో ముంచుతా!"

అప్పణ్ణుంచి వాడు గడియల మీద పడ్డాడు. మొదట్లో అరగదీయకుండానే ముంచేవాడు. క్రోమ్ మచ్చను దాచదు, ఊరేగిస్తుంది. మా తలుపు గంట మీద తుప్పు గుంటలన్నీ అద్దంలో మశూచి మొహంలా మెరిశాయి. తర్వాత బుద్ధి తెచ్చుకుని, బాగా నునుపు చేసి, ముందు నికెల్ పూత వేసి, దాని మీద క్రోమ్ వేయడం నేర్చుకున్నాడు. మూతికి తడిగుడ్డ కట్టుకుని, "దగ్గరికి రాకండి, ఈ పొగ మంచిది కాదు!" అని అరుస్తూ మేడంతా పరుగులు. పనికి బ్యాటరీ చాలక ఇంటి కరెంటుకి మారాడు. అక్కడే వచ్చింది చిక్కు. పూత ఎక్కుతుండగా మధ్యలో కరెంటు పోతే, తర్వాత ఎక్కినదంతా ఉల్లిపొరలా లేచిపోతుంది. మా వీధిలో కరెంటు చుట్టపు చూపుగా వస్తుంది.

ఆ శనివారం మా మేడలోని యానెలిస్‌కి పదిహేనేళ్లు నిండుతున్నాయి. మా వైపు ఆడపిల్లకి అది పెళ్లంత పండగ. గౌను వేసుకుని, నా పాత షెవ్రొలే టాపులేని కారులో సముద్రం ఒడ్డున ఊరేగి ఫొటోలు దిగాలి. కానీ పిల్ల మొహంలో కళ లేదు. మూడో అంతస్తులో ఉండే వాళ్ల హెర్మినియా అవ్వకి కళ్లు మసకలు. నిరుడు మెట్ల మీద జారిపడ్డాక కిందికి దిగడం మానేసింది. ఎవరైనా ఎత్తుకుని దింపుతామంటే, "నేనేం బియ్యం బస్తానట్రా? దిగితే నా కాళ్లతో దిగుతా, లేదా ఇక్కడే కూర్చుంటా!" అని కసురుతుంది.

పిల్ల సంబరానికైనా కారు మెరవాలని, ముందు బంపరు నేనే స్వయంగా విప్పి ఎవెలియో చేతికిచ్చాను. వారమంతా నాకు నిద్ర లేదు. వీధిలో "కరెంటొచ్చింది!" అని కేక వినిపించగానే వాడు చెప్పులు చేత్తో పట్టుకుని పైకి పరుగు. ఆ పరుగుకి మెట్ల పక్క కమ్మీ కూడా ఊగిపోయేది.

"ఒరే, నా బంపరు?"

"ఆరుతోంది!"

శనివారం పొద్దున పైకెళ్లి చూస్తే బంపరు నీళ్ల ట్యాంకుకి చేరబడి ఉంది. సగం తళతళ, సగం బూడిద రంగు. నాకు ఒళ్లు మండిపోయింది.

"వారమంతా కరెంటు వచ్చినప్పుడల్లా ఏం వెలగబెట్టావురా?"

వాడు బుర్ర గోక్కున్నాడు. "మెట్ల కమ్మీని గోడకి పట్టి ఉంచే కొక్కేలు చేశాన్రా, రిగో. ఒక్కొక్కటే విప్పి."

"కొక్కేలా! ఫొటో వాటికి తీస్తారా?"

అంత కోపంలో నేను బంపరు మోసుకుంటూ దిగానే గానీ, మెట్లకేసి చూడనే లేదు. తిట్టుకుంటూ బిగించాను. యానెలిస్ వచ్చి కారెక్కింది. బండి తీయబోతుంటే మెట్ల దగ్గర జనమంతా తలలెత్తి పైకి చూశారు.

హెర్మినియా అవ్వ దిగుతోంది. ఒంటరిగా. పైకప్పు అద్దంలోంచి పడ్డ ఎండకి కమ్మీ కొక్కేలు వరసగా మెరుస్తున్నాయి.

"ఇదొకటి... అదుగో, ఇంకోటి..." అని ఒక్కో మెరుపునీ చేత్తో తడుముతూ అడుగేస్తోంది. కింద ఎవెలియో ఒంటికాలి మీద ఊగుతున్నాడు.

"మొదట్లో నేను పూత వేసిన గడియ చూసి, 'ఆ చుక్కేమిట్రా' అంది అవ్వ," అని గొణిగాడు. "మసక కళ్లకి మెరుపొక్కటే ఆనుతుంది కాబోలు."

అప్పుడు తట్టింది నాకు. ఆ గడియ, ఆ పంపు పిడి, ఆ గంట, అన్నీ ముసలావిడ కిందిదాకా నడవాల్సిన దారిలోవే. చెంచా ఒక్కటే అన్యాయంగా బలైపోయింది. వాణ్ణి కావలించుకోవాలనిపించింది గానీ, వాడి కళ్లు అప్పటికే నా బెల్టు బకిల్ మీదున్నాయి.

యానెలిస్ గౌను ఎత్తిపట్టుకుని పరుగున వచ్చి అవ్వను వాటేసుకుంది. కారు ముందుకొచ్చిన అవ్వ కళ్లు చిట్లించి చూసింది.

"ఒరే రిగో, నీ బండికి బంపరు సగమే ఉందేమిట్రా?"

"మిగతా సగం ఆరుతోందవ్వా!" అన్నాను నేను.