సత్యానందం తలకట్టు

దయ్యాల కబుర్లు మొదలైతే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషిని నేను. బడిలో చదివింది ఐదో తరగతే. మిగతాదంతా పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. కంటికి కనబడనిదాన్ని నమ్మమంటే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాజోలులో మాది బోర్డుల కొట్టు. నాకు పోటీ ఎప్పుడూ ఒక్కడే, సత్యానందం. కుంచెతో రాసినా, రంపంతో ప్లాస్టిక్ అక్షరాలు కోసినా, తలకట్టు చివర కోడిపుంజు తోకలా పైకి ఎగరేసేవాడు. అంతే! ఆ విరుపు కోసం తాటిపాక నుంచీ మలికిపురం నుంచీ జనం నా కొట్టు దాటుకుని వాడి దగ్గరకు పోయేవారు. నా అక్షరం తిన్నగా ఉంటుంది. తిన్నగా ఉన్నదాన్ని ఎవరు మెచ్చుకున్నారు కనక?

వాడు పోయాడు. నేను లేజర్ మిషను కొన్నాను. ఇక ఊళ్లో అక్షరమంటే నాదే అనుకున్నాను.

నిరుడు వాడి భార్య మరియమ్మగారు వచ్చారు. గేటుకు ఆయన పేరుతో పలక కావాలట.

"మీకొచ్చినట్టే చెయ్యండన్నయ్యగారండీ. ఆయనలాగ ఎవరికొస్తుంది లెండి" అన్నారు.

గుచ్చుకుంది. వాడి గేటు మీద వాడి పేరు నా అక్షరాల్లో ఉండాలని పట్టుదల పుట్టింది.

యాక్రిలిక్ షీటు పెట్టి కోశాను. అక్షరాలు ఊడి రాలేదు. కోసిన చోటే ప్లాస్టిక్ కరిగి మళ్లీ అతుక్కుపోయింది. ఇది వింతేం కాదు. వేడి ఎక్కువైనా, గాలి సరిగా కొట్టకపోయినా అవుతుంది. పవరు తగ్గించి వేగం పెంచాను. లెన్సు తుడిచాను. గాలి గొట్టం విప్పి చూశాను. లెన్సుకీ షీటుకీ మధ్య ఎత్తు సరిచేశాను. అదే షీటు మూల ఒక చదరం కోస్తే అంచు గాజులా వచ్చింది. సత్యానందం పేరు పెడితే మళ్లీ ముద్ద.

కోపమొచ్చి, అన్నీ మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టి మళ్లీ మిషను నడిపాను. ఈసారి అక్షరాలు టపటపా రాలాయి. అంచులు మెరుస్తున్నాయి. ప్రతి తలకట్టూ చివర పైకి లేచి ఉంది.

కంప్యూటర్లో చూశాను. గీత తిన్నగానే ఉంది. బెల్టు వదులైందేమోనని ఇంకో చదరం కోసి మూలమట్టం పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. వేడికి వంగాయా అంటే, షీటులో మిగిలిన కంతలూ అదే ఆకారంలో ఉన్నాయి.

వాటిని బల్ల కిందకు తోసేసి మళ్లీ కోశాను. తిన్నగా వచ్చాయి. అవే అతికించి ఉంచాను.

మరియమ్మగారు పలక చూసి "బాగుందండి" అన్నారు, పొడిగా. ఆవిడ చూపు బల్ల కిందకు పోయింది. వంగి ఒక అక్షరం తీసి, తలకట్టును వేలితో నిమిరారు.

"మావారు కోసినవి మీ దగ్గరుండిపోయేయాండీ?"

"ఆయ్" అన్నాను. ఇంకేమనను?

ఇప్పుడు గేటుకున్నవి ఆ బల్ల కింద అక్షరాలే. దారిన పోయేవాళ్లు ఆగి "సత్యానందంగారి చెయ్యే చెయ్యండి" అంటున్నారు. మిషను నాది, షీటు నాది, కరెంటు నాది!

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ తర్వాత కొట్లో ఎవరూ లేనప్పుడు, అదే పవరు పెట్టి నా పేరు కోసి చూశాను. చాలాసార్లు.

ప్రతిసారీ తిన్నగానే వచ్చింది.