బస్సు కింద విరిగిన పట్టీ

పెద్దపల్లి నుంచి మంచిర్యాల పోయే బస్సుల కూసొని ఫోన్ చూస్తున్న. నా పాత జర్మన్ కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు కొనాలె. ముప్పై మిల్లీమీటర్లు దించేటివా, అరవైయా? ఫొటోలల్ల అరవైదే మస్తుగున్నది.

“ఇవన్ని ఖాళీ బండ్లే కద బిడ్డా?” పక్కసీటు పెద్దాయన నా ఫోన్ల ఫొటోలు చూసి అడిగిండు.

“అవును కాకా.”

ఆయన చేతికర్రను బస్సు నేలకు ఆనిచ్చి, పైకొనకు చెవి పెట్టిండు. గుంతల పడ్డప్పుడల్లా కండ్లు మూసుకున్నడు. “వెనుక ఎడమదిక్కు కమాన్ పట్టీ విరిగింది” అన్నడు. బొగ్గుబాయిల పైకప్పును కర్రతోని కొట్టి, చప్పుడు బాగుంటెనే మనుషులను లోపలికి పంపుడు ఆయన పనట.

నేను నమ్మలే. అయినా మంచిర్యాలల దిగినంక చెప్తే, డ్రైవర్ కిందికి వంగి చూసిండు. “అన్నా, నీకెట్ల తెలిసింది?” అన్నడు. బరువు మోసే ఇనుప పట్టీ రెండు ముక్కలైంది. గంటసేపు యాభై మందిమి దానిమీదనే వచ్చినం. పెద్దాయన కోసం చూస్తే అప్పటికే పోయిండు.

ఆదివారం నలుగురు దోస్తులను కారుల కూసోబెట్టి, టైరు మీది సందుల చెయ్యి పెట్టిన. ఈ బరువు మీద అరవై దించితే సందే ఉండదు. ముప్పైవి కొన్న.

ఇప్పటికీ గుంతల రోడ్డు రాంగనే పాట బంద్ చేస్త. ఏం వినాల్నో తెల్వదు. అయినా వింట.